ప్రభ మీద 2,400 బల్బులు

మా ఊరి కరెంటు ప్రభని బ్రౌజర్‌లో వెలిగిద్దామని సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టాను. శివరాత్రికల్లా మావయ్యకి లింకు పంపాలని ప్లాను. శివరాత్రి వెళ్ళిపోయింది, ఉగాదీ వెళ్ళిపోయింది. ఇంట్లో ఆవకాయ కలుపుతున్న రోజుల్లో గానీ అది నా ఫోన్లో సాఫీగా తిరగలేదు. బొమ్మ గీయడం ఒక్క ఆదివారంలో అయిపోయింది. మిగతా మూడు నెలలూ ఒక్కో బల్బుకి చెందిన గుప్పెడు అంకెల్ని షేడర్ దాకా చేర్చడానికే పట్టాయి.

ప్రభ అంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. పల్నాడు జిల్లా నరసరావుపేట దగ్గర కోటప్పకొండ ఉంది. పైన త్రికోటేశ్వర స్వామి. మహాశివరాత్రి తిరునాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ప్రభలు కట్టుకుని వస్తారు. గోపురమంత ఎత్తు చట్రం, దాని నిండా రంగు బల్బులు, వెనక జనరేటరు, మైకు. రాత్రిపూట దూరం నుంచి చూస్తే పొలాల మధ్య గోపురాలు నిలబడినట్టుంటుంది. మా మావయ్య చాలా ఏళ్ళు మా ఊరి ప్రభకి కరెంటు పని చేశాడు. చిన్నప్పుడు నా పని ఆయన చేతికి ఇన్సులేషన్ టేపు అందించడం.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో వెబ్ పేజీలు రాస్తాను. గ్రాఫిక్స్ నా ఉద్యోగం కాదు, పిచ్చి. కాబట్టి ఇక్కడ కనిపించే తప్పులన్నీ సొంత ఖర్చుతో చేసినవే.

షేడర్ అంటే గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాం. వెర్టెక్స్ షేడర్ ఒక్కో మూలకీ ఒకసారి, ఫ్రాగ్మెంట్ షేడర్ ఒక్కో పిక్సెల్‌కీ ఒకసారి నడుస్తాయి. తనంతట తనకి ఏమీ తెలియదు, ఏదీ గుర్తుండదు. ఈ బల్బు ఎక్కడుంది, ఏ రంగు, ఇప్పుడు వెలగాలా వద్దా, అన్నీ మనమే బయటి నుంచి అందించాలి. అలా అందించడానికి అందరూ మొదట నేర్చుకునేది యూనిఫామ్. పేరు పెట్టి విలువ పంపిస్తాం, షేడర్‌లో అదే పేరుతో కనిపిస్తుంది. ట్యుటోరియల్‌లో ఒక త్రికోణం, ఒక రంగు, ఒక యూనిఫామ్. అంతా బావుంటుంది.

నేను ఆ ట్యుటోరియల్‌నే 2,400 సార్లు చేశాను. ఒక్కో బల్బుకి చోటు, రంగు, సైజు, వేగం, ఫేజు (మెరుపు ఎక్కడి నుంచి మొదలవ్వాలో), ఏ వరసలోదో ఆ నంబరు. ఆరు యూనిఫామ్ పిలుపులు, తర్వాత ఒక డ్రా, అంటే గీయమనే పిలుపు. బల్బుకి ఏడు. మొత్తం ప్రభకి ఫ్రేముకి 16,800. సెకనుకు 60 ఫ్రేములంటే పది లక్షల పైచిలుకు. ల్యాప్‌టాప్ ఫ్యాను గోల పెట్టినా లాగేసింది. ఫోన్లో సెకనుకు ఆరు ఫ్రేములు.

మొదట డేటా ఎక్కువైందేమో అనుకున్నాను. లెక్క వేస్తే బల్బుకి తొమ్మిది ఫ్లోట్లు. ఫ్లోటు అంటే నాలుగు బైట్ల దశాంశ అంకె, కాబట్టి 36 బైట్లు. 2,400 బల్బులకి 86,400 బైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో ఇంతకంటే పెద్దది. బరువంతా పిలుపుల్లో ఉంది. బ్రౌజర్‌లో ప్రతి పిలుపునీ ముందు తనిఖీ చేస్తారు. ఈ లొకేషన్ (యూనిఫామ్ చిరునామా) ఈ ప్రోగ్రాందేనా, టైపు సరిపోయిందా అని. తర్వాత క్రోమ్ లాంటి బ్రౌజర్‌లో అది జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) కోసం విడిగా ఉన్న ప్రాసెస్‌కి వరసలో వెళ్తుంది, అక్కడి నుంచి డ్రైవర్‌కి. పెళ్ళి బంతిలో కూర్చున్నవాళ్ళకి వంటశాల నుంచి ఒక్కో మెతుకూ పట్టుకొచ్చి వడ్డించినట్టు. అన్నానికి కొదవ లేదు, నడకకే పొద్దు గడిచిపోతుంది.

పైగా యూనిఫామ్ లొకేషన్‌ని పేరుతో వెతికే పిలుపుని కూడా లూపు లోపలే పెట్టాను. దాన్ని బయటికి తీసి, ఒకసారి వెతికి దాచుకుంటే ఆరు కాస్తా తొమ్మిది ఫ్రేములైంది. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. షేడర్‌లో ఎక్కడా వాడని యూనిఫామ్‌ని కంపైలర్ తీసి పారేస్తుంది. దాని లొకేషన్ అడిగితే నల్, అంటే ఏమీ లేదని వస్తుంది. నల్‌కి విలువ పంపినా కిమ్మనదు, ఎర్రర్ కూడా ఉండదు. నా ఫార్ములాలో వేగం అనేదాన్ని వాడటమే మర్చిపోయాను. రెండు వారాల పాటు దాన్ని రోజూ శ్రద్ధగా ఎవరికీ చేరకుండా పంపుతున్నాను.

తర్వాతి ప్రయత్నం యూనిఫామ్ అర్రే, అంటే ఒకే పేరు కింద విలువల జాబితా. కొన్ని వందల బల్బుల వివరాల్ని ఒకే అర్రేలో పెట్టి ఒకే పిలుపులో పంపడం, ఇన్‌స్టన్సింగ్‌తో (ఒకే బొమ్మని ఒకే పిలుపులో చాలాసార్లు గీయించడం) ఆ బల్బులన్నిటినీ ఒకే డ్రాలో గీయడం. ఇన్‌స్టన్స్ నంబరుని బట్టి షేడర్ తన బల్బు వివరాలు తనే తీసుకుంటుంది. బల్బుకి మూడు వెక్4లు, అంటే నాలుగేసి ఫ్లోట్ల కట్టలు. నా ల్యాప్‌టాప్‌ని వెర్టెక్స్ షేడర్‌లో ఎన్ని వెక్4లు పడతాయని అడిగితే 1,024 అంది. 300 బల్బులకి 900 అవుతాయి, చూసే కోణం చెప్పే మ్యాట్రిక్స్‌కి ఇంకో నాలుగు. హాయిగా పడుకున్నాను. పొద్దున ఫోన్లో తెరిస్తే నల్ల తెర. రెండు షేడర్లనీ కలిపి ఒక ప్రోగ్రాం చేసే దశే (లింకింగ్) దాటలేదు. ఫోన్‌ని అదే ప్రశ్న అడిగితే 256 అంది. తీరా చూస్తే బ్రౌజర్‌లో గ్రాఫిక్స్‌కి నేను వాడే వెబ్‌జీఎల్ 2 గ్యారంటీగా ఇస్తానన్నదే అంత. ఫ్రాగ్మెంట్ షేడర్‌కైతే 224. అంతకంటే ఎక్కువ వచ్చిందంటే అది ఆ మెషీన్ మర్యాద, మన హక్కు కాదు. 80 బల్బుల చొప్పున ముక్కలు చేస్తే 30 డ్రాలు. పని చేసింది గానీ ఆ కోడు చూస్తే నాకే విసుగొచ్చింది.

అందుకని యూనిఫామ్ బఫర్ దగ్గరికి వెళ్ళాను. అందరూ యూబీఓ అంటారు. బ్రౌజర్ బయట వాడే ఓపెన్‌జీఎల్‌లో ఇది 2009లో 3.1తో వచ్చింది, వెబ్‌జీఎల్‌లో 2తో. విలువల్ని విడివిడిగా పంపకుండా మెమరీలో ఒక దిమ్మలా పేర్చి, ఆ దిమ్మని చూపించి ఇదిగో అంటాం. ఒక దిమ్మ కనీసం 16 కేబీ పడుతుందని గ్యారంటీ. డెస్క్‌టాప్‌లో 64 కేబీ మామూలే. ఇక్కడే ఈ మూడు నెలల్లోకల్లా పొడవైన రాత్రి గడిచింది. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది చాలామందికి తగిలే గొయ్యి.

చోట్లు అప్పటికే వేరే బఫర్‌లోకి మార్చేశాను. యూబీఓలో ఒక్కో బల్బుకి ఈ వరసలో పెట్టాను: సైజు ఒక ఫ్లోటు, రంగు ఒక వెక్3 (మూడు ఫ్లోట్లు), ఫేజు ఒక ఫ్లోటు. జావాస్క్రిప్ట్ వైపు ఐదంకెల్ని పక్కపక్కనే పేర్చాను, బల్బుకి 20 బైట్లు. పంపితే ప్రభ వెలిగింది గానీ అది ప్రభలా లేదు. బల్బులు నిలబడాల్సిన చోటే నిలబడ్డాయి. కొన్ని మాయం, కొన్ని సగం సైజు, రంగులు ఎవరివో ఎవరికో. వరసగా చూస్తే ఐదింటికొకటి మాత్రం సరైన సైజులో ఉంది. 320వ బల్బు దాటాక కటిక చీకటి.

యూబీఓకి ఎస్‌టీడీ140 అని ఒక పేర్పు నియమం ఉంది. అందులో వెక్3 అనేది 16కి గుణిజమైన బైటు దగ్గరే మొదలవ్వాలి. కాబట్టి సైజు 0వ బైటులో కూర్చుంటే రంగు 4లో కూర్చోదు, 16కి వెళ్తుంది. మధ్యలో 12 బైట్లు ఖాళీ. రంగు 28 దగ్గర ముగుస్తుంది, ఫేజు ఆ 28లో కూర్చుంటుంది. మొత్తం 32. నేను ఐదు ఫ్లోట్ల చొప్పున పేర్చుతుంటే షేడర్ ఎనిమిదేసి చొప్పున చదువుతోంది.

కాగితం మీద వేసుకుంటే అంతా తేటపడింది. రెండో బల్బు తన సైజు కోసం తొమ్మిదో అంకె దగ్గరికి వెళ్తోంది. నా పేర్పులో తొమ్మిదో అంకె ఏంటంటే ఆ బల్బు తాలూకు నీలం పాలు. ఎర్ర బల్బుకి నీలం సున్నా. సైజు సున్నా అయిన బల్బు కనపడదు. మూడో బల్బు సైజు కోసం నాలుగో బల్బు ఎరుపుని తీసుకుంటోంది, నాలుగోది ఇంకెవరి ఫేజునో, ఐదోది ఇంకెవరి ఆకుపచ్చనో. ఆరోది మళ్ళీ ఒక నిజమైన సైజు మీద పడుతోంది. అదీ ఐదింటికొకటి కథ. ఒక బ్యాచ్‌లో, అంటే ఒకసారి పంపే దిమ్మలో, 512 బల్బులు, ఒక్కోదానికి 5 చొప్పున 2,560 ఫ్లోట్లు. ఎనిమిదేసి చొప్పున తింటే 320 బల్బులకే అయిపోతాయి. బఫర్‌ని పూర్తి 16 కేబీ కేటాయించి కొంతే నింపాను కాబట్టి మిగతాదంతా సున్నాలు. ఎర్రర్ కూడా రాలేదు. వచ్చుంటే రెండు గంటలు ముందే పడుకునేదాన్ని.

అప్పటి నుంచి యూబీఓలో వెక్3 రాయడం మానేశాను. రంగు, సైజు కలిపి ఒక వెక్4. ఫేజు, వేగం, వరస, ఒక ఖాళీ కలిపి ఇంకో వెక్4. ఫ్లోట్ల అర్రే కూడా ఇలాంటిదే. ఎస్‌టీడీ140లో ఒక్కో ఫ్లోటుకి 16 బైట్లు తీసుకుంటుంది. 64 ఫ్లోట్లు 256 బైట్లనుకుంటాం, తీరా 1,024. నాలుగేసి ఒక వెక్4లో సర్దుకోవడమే.

ఇలా ఐదు బ్యాచ్‌లకి వచ్చింది. ఫోన్లో 40 ఫ్రేములు. అక్కడితో ఆపేసేదాన్నే, ఒక ఆదివారం అమ్మ వాళ్ళింటికి ఫోన్ చేస్తే మావయ్య అక్కడే ఉన్నాడు. ఏం చేస్తున్నావమ్మాయ్ అంటే చెప్పాను. బల్బు బల్బుకీ ఎప్పుడు వెలగాలో కంప్యూటర్ లెక్కేసి పంపుతుంది మావయ్యా, అది లేటవుతోంది అని.

"బల్బు బల్బుకీ ఎవరు పంపుతారే? మేం పదహారు వైర్లు లాగేవాళ్ళం, అంతే" అన్నాడు.

చిన్నప్పుడు చూసిన ఆ డ్రమ్ము అప్పుడు గుర్తొచ్చింది. చెక్కతో చేసిన గుండ్రటి డ్రమ్ము, దాని మీద రాగి రేకులు మేకులతో కొట్టి ఉండేవి. ఒక చిన్న మోటారు దాన్ని తిప్పుతూ ఉంటుంది. పక్కన వరసగా పదహారు బ్రష్షులు. బ్రష్షు కింద రేకు వస్తే ఆ వైరు మీద ఉన్న బల్బులన్నీ వెలుగుతాయి, చెక్క వస్తే ఆరిపోతాయి. నీళ్ళు జారినట్టు, చక్రం తిరిగినట్టు కనిపించేదంతా ఆ రేకుల్ని కత్తిరించిన తీరులోనే ఉంది. వందల బల్బులున్నా కదిలేది డ్రమ్ము ఒక్కటే. ప్రతి బల్బుకీ తను ఏ వైరు మీద ఉందో కట్టిన రోజే ఖాయమైపోయింది.

ఫోన్ పెట్టేసి నా ఆరు విలువల్నీ మళ్ళీ చూశాను. చోటు మారుతుందా? లేదు. రంగు? సైజు? వరస? ఏవీ మారవు. బల్బులకి సంబంధించి ఫ్రేము ఫ్రేముకీ మారేది సమయం ఒక్కటే, అది అందరికీ ఒకటే. నేను మూడు నెలలుగా ఎంత వేగంగా పంపాలా అని కొట్టుకుంటున్నాను, అందులో తొంభై తొమ్మిది పాళ్ళు రెండోసారి పంపక్కర్లేనివే.

ఇప్పుడున్న ఏర్పాటు ఇది. బల్బుల వివరాలన్నీ వెర్టెక్స్ బఫర్‌లో, డివైజర్ 1గా పెట్టిన ఆట్రిబ్యూట్లుగా ఉన్నాయి. అంటే మూలకి ఒకటి కాకుండా బల్బుకి ఒకటి చొప్పున షేడర్‌కి అందుతాయి. చోటుకి రెండు 16 బిట్ల అంకెలు, నాలుగు బైట్లు. రంగుకి మూడు బైట్లు, సైజుకి ఒకటి. 0 నుంచి 255 దాకా ఉన్న బైటుని 0 నుంచి 1 దాకా ఉన్న ఫ్లోటుగా మార్చి ఇచ్చే పని హార్డ్‌వేర్‌దే, నార్మలైజ్డ్ అని చెప్తే చాలు. వరసకి ఒక బైటు, డ్రమ్ము మీద ఎంత వెనక నుంచి మొదలవ్వాలో దానికి ఒక బైటు. నాలుగుకి గుణిజంగా సర్దడానికి రెండు బైట్లు ఖాళీ. మొత్తం 12. బల్బుకి పూర్తి ఫ్లోటు అవసరమని ఎందుకనుకున్నానో! ప్రభ మీద రంగులు పట్టుమని పది లేవు.

2,400 బల్బులకి 28,800 బైట్లు, పేజీ తెరిచినప్పుడు ఒక్కసారి. తర్వాత ఫ్రేముకి పంపేది చూసే కోణానికి 64 బైట్ల మ్యాట్రిక్సు, సమయానికి 16 బైట్ల వెక్4. 80 బైట్లు. రెండు యూనిఫామ్ పిలుపులు, ఒక డ్రా. ఇంత చిన్నదానికి యూబీఓ కూడా దండగే.

వరస నంబరుని పూర్ణాంకంగానే షేడర్‌కి ఇవ్వాలంటే బఫర్‌ని ఎలా చదవాలో చెప్పే ఆట్రిబ్యూట్ పాయింటర్ పిలుపుల్లో, పేరులో 'ఐ' అక్షరం ఉన్న రకాన్ని పిలవాలి. మామూలుది పిలిస్తే అది ఫ్లోటు అయిపోతుంది, షేడర్ పూర్ణాంకం అడుగుతోందని డ్రా ఆగిపోతుంది. దీనికి మాత్రం కన్సోల్‌లో ఎర్రర్ వస్తుంది, సంతోషం.

ఇక డ్రమ్ము. దాన్ని టెక్స్చర్‌గా, అంటే షేడర్ చదువుకునే బొమ్మగా చేశాను. అడ్డంగా డ్రమ్ము ఒక చుట్టుకి 64 మెట్లు, నిలువుగా వైరుకి ఒకటి చొప్పున 16 వరసలు, ఒక్కో గడికి ఒక బైటు. రేకు ఉంటే 255, చెక్క అయితే 0. మొత్తం 1 కేబీ. టెక్స్చర్ అంటే ఫొటోలే ఉండాలని లేదు. షేడర్‌కి పెద్ద పట్టికలు అందించడానికి ఇంతకంటే పాత దారి, నమ్మకమైన దారి లేదు. టెక్సెల్ ఫెచ్‌తో ఫలానా గడి అని నేరుగా చదువుకోవచ్చు. పాత ఫిలమెంటు బల్బు టక్కున వెలగదు, టక్కున ఆరదు కాబట్టి పక్కపక్కనున్న రెండు గడులు చదివి మధ్యస్థంగా కలుపుతున్నాను. ఇదంతా వెర్టెక్స్ షేడర్‌లోనే. బల్బుకి నాలుగు మూలలు, మూలకి రెండు చదువులు, మొత్తం 19,200. గ్రాఫిక్స్ కార్డుకి అది చీమ కుట్టినంత కూడా కాదు.

ఇక్కడ కూడా రెండు దెబ్బలు తిన్నాను. మొదట 30 మెట్లే పెట్టాను. ఒక బైటు చొప్పున 30 అంటే వరస పొడవు 4కి గుణిజం కాదు, వెబ్‌జీఎల్ మామూలుగా ప్రతి వరసా 4కి సర్ది ఉంటుందనుకుంటుంది. నేనిచ్చింది 480 బైట్లు, అది 510 కావాలంది. ఆ 4ని నిర్ణయించే అన్‌ప్యాక్ అలైన్‌మెంట్‌ని 1కి మార్చాలి, లేదా 64 లాంటి బుద్ధిమంతుడైన అంకె తీసుకోవాలి. రెండోది, టెక్స్చర్ ఫిల్టర్‌ని నియరెస్ట్‌కి మార్చడం మర్చిపోయాను. ఊరికే వదిలేస్తే అది మిప్‌మ్యాపులు (అదే బొమ్మకి చిన్న చిన్న నకళ్ళు) ఉన్నాయనుకుంటుంది. లేకపోతే టెక్స్చర్ అసంపూర్ణం, ఏ గడి చదివినా సున్నా. ప్రభ అంతా చీకటి, కన్సోల్ నిశ్శబ్దం. జనరేటర్‌లో డీజిల్ అయిపోయిన రాత్రి గుర్తొచ్చింది.

సమయం గురించి కూడా ఒక మాట. మొదట్లో సమయాన్ని సెకన్లలో ఫ్రాగ్మెంట్ షేడర్‌కి పంపేదాన్ని, పైన మీడియంపీ (మధ్యరకం ఖచ్చితత్వం చాలు) అని రాసి. ల్యాప్‌టాప్ మీడియంపీని పట్టించుకోదు, 32 బిట్లే వాడుతుంది. ఫోన్ నిజంగానే 16 బిట్లు వాడింది. 16 బిట్ల ఫ్లోటులో 1,024 దాటితే పక్క అంకెకి దూరం 1. అంటే పేజీ తెరిచిన పదిహేడు నిమిషాల తర్వాత నా గడియారం సెకనుకోసారి మాత్రమే గెంతుతోంది. అంతకు చాలా ముందు నుంచే నత్తి మొదలైంది. ఇప్పుడు డ్రమ్ము ఏ మెట్టు మీద ఉందో జావాస్క్రిప్ట్‌లోనే లెక్కేసి, 64 దాటగానే మళ్ళీ సున్నాకి తెచ్చి పంపుతున్నాను. డ్రమ్ము గుండ్రంగానే కదా ఉంటుంది.

వెబ్‌జీఎల్ కాకుండా వేరే చోట పని చేసేవాళ్ళకి ఇంత అవస్థ ఉండదు. ఓపెన్‌జీఎల్ 4.3తో 2012లో షేడర్ స్టోరేజ్ బఫర్లు వచ్చాయి. వాటిలో ఎస్‌టీడీ430 పేర్పు వాడుకోవచ్చు, ఫ్లోట్ల అర్రే నిజంగానే నాలుగేసి బైట్లు తీసుకుంటుంది. వెక్3 మాత్రం అక్కడా 16 దగ్గరే మొదలవుతుంది, దాన్ని నమ్మకండి. వెబ్‌జీపీయూలో కూడా స్టోరేజ్ బఫర్లున్నాయి, మామూలుగానే 128 ఎంబీ దాకా. వల్కన్ అనే ఇంకో గ్రాఫిక్స్ వ్యవస్థలో ఇలాంటి చిన్న మారే సరుకు కోసం పుష్ కాన్‌స్టంట్లు ఉన్నాయి, 128 బైట్లకి గ్యారంటీ, 1.4లో 256 చేశారు. నా 80 బైట్లు అందులో దర్జాగా పట్టేస్తాయి. వీటిలో ఏది దొరికినా నేను ముందు చేసేది మాత్రం ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసుకోవడం: ఎప్పటికీ మారనివి, అప్పుడప్పుడూ మారేవి, ప్రతి ఫ్రేముకీ మారేవి. నా మూడో గడిలో రెండే మిగిలాయి.

ఫోన్లో ఇప్పుడు 60 ఫ్రేములు. లింకు మావయ్యకి పంపాను. ఆయన ఫోను నాదానికంటే పాతది, అందులోనూ తిరిగింది. సాయంత్రం ఫోన్ చేశాడు. పై చక్రం ఎడమకి తిరగాలి, నువ్వు కుడికి తిప్పావన్నాడు. డ్రమ్ము టెక్స్చర్‌లో వరసల్ని తలకిందులు చేస్తే అయిపోయింది. తర్వాత కాసేపు ఆగి, "అన్నీ వెలుగుతున్నాయేంటే? ఏ ప్రభ మీదన్నా అన్ని బల్బులూ వెలగడం నువ్వు చూశావా?" అన్నాడు.

ఖాళీగా ఉంచిన రెండు బైట్లలో ఒకటి ఇప్పుడు మాడిన బల్బులకి. ఎన్ని మాడ్చమంటావంటే ఆయన లెక్క చెప్పలేదు, కింద రెండో వరసలో కుడి వైపున వరసగా నాలుగు అన్నాడు. పిల్లలు ఎక్కేది అటు వైపేనట.